మేయరమ్మ కూర్చున్న నడవా

ఇక్కడ క్యారీ అనే ఊళ్ళో మా తెలుగు చర్చిలో ఆరాధన అయ్యాక అందరం కింద హాల్లో భోజనానికి కూర్చుంటాం. అమెరికాలోనే పుట్టిన పిల్లలు, కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్ళు నా పక్కన చేరి ఏదో ఒకటి అడుగుతుంటారు. మొన్న ఒక అమ్మాయి, సివిల్ ఇంజనీరింగ్ పూర్తిచేసి ఈ మధ్యే ఒక మున్సిపాలిటీలో చేరిందట, ప్లేటు పట్టుకుని వచ్చి కూర్చుంది.

"అంకుల్, మీ కెరీర్‌లో బిగ్గెస్ట్ ప్రాజెక్ట్ ఏంటి? బ్రిడ్జా?"

"ఒక గీత" అన్నాను.

"గీత అంటే? లైక్, లైన్?"

"అవును. ఒక డ్రాయింగులో ఒక గీత. ఆ ప్రాజెక్టు కట్టనేలేదు."

ఆ అమ్మాయి నవ్వింది. పూర్తిగా చెబుదామంటే బిర్యానీ చల్లారిపోయేటట్టు ఉంది. అందుకని ఆ రోజుకి మాట మార్చి, ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. ప్రభుత్వ ఆఫీసుల్లో బల్ల ముందు కూర్చుని గీతలు గీసే పిల్లలందరికీ ఇది. పేర్లు రాయను. ఉన్నవాళ్ళు కొద్దిమందే, లేనివాళ్ళు జవాబు చెప్పలేరు.

డెబ్బైల చివర నేను కాలిఫోర్నియాలో, సముద్రానికి దూరంగా, టమాటాలు పండే మైదానంలోని ఒక చిన్న నగరంలో ఇంజనీరుగా చేరాను. మా ఆవిడ అక్కడి ఆసుపత్రిలో నర్సు. ఊరిని రైలు పట్టాలు రెండుగా కోసేవి. పడమర వైపు స్కూళ్ళు, ఆసుపత్రి, సిటీ హాలు, మా ఇల్లు. తూర్పు వైపు టమాటాలు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీ, అందులో పనిచేసే మెక్సికన్ కుటుంబాలు. మధ్యలో ఒక రైలు గేటు.

ఆ గేటుకి ఇవతల, పడమర వైపు మూలన, ఒక రొట్టెల దుకాణం ఉండేది. నేను చెప్పబోయే ఆవిడ దాని యజమానురాలు; ఆవిడా మెక్సికనే, ఇల్లు తూర్పు వైపు. మొదట్లో ఫ్యాక్టరీ గేటు దగ్గర పాత కారు డిక్కీ తెరిచి తీపి రొట్టెలు అమ్మేదట. కొంత కూడబెట్టాక దుకాణానికి ఏ చోటు బాగుంటుందని అందరూ సలహాలు ఇస్తుంటే, ఎవరూ అద్దెకు తీసుకోని ఆ మూల గదిని తీసుకుంది. గూడ్సు బండి వచ్చిందంటే గేటు చాలాసేపు పడి ఉండేది. ఎండలో నిలబడ్డ జనం రొట్టె వాసనకి లోపలికి వచ్చేవాళ్ళు. "నా దుకాణానికి రైల్వే వాళ్ళే గుమాస్తాలు" అని నవ్వేది.

అలా గేటు పడినప్పుడల్లా ఊరి కష్టసుఖాలన్నీ ఆవిడ బల్ల ముందుకు వచ్చేవి. ఎవరి వీధిలో దీపం లేదు, ఎవరి పిల్లవాణ్ణి స్కూల్లో వెనక బెంచీకి తోశారు, అన్నీ. ఊరి వర్తక సంఘం ఆవిడని చేర్చుకోవడానికి మొదట తటపటాయించింది. ఆవిడ కోపం తెచ్చుకోలేదు. ప్రతి మీటింగుకీ వేడి రొట్టెలు పట్టుకెళ్ళి, అక్కడే కూర్చుని, తినడం అయ్యాక కూడా లేచేది కాదు. మూడేళ్ళు తిరిగేసరికి ఆ సంఘానికి ఆవిడే అధ్యక్షురాలు. తర్వాత నగర సభకి పోటీ చేసింది. మా సభలో సభ్యులు అయిదుగురు. తూర్పు వైపు నుంచి అంతకు ముందు ఎవరూ గెలవలేదు. ఆవిడ గెలిచింది.

సభలో ఆవిడ పద్ధతి నాకు చిరాకు తెప్పించేది. నేను పటాలు తగిలించి, చక్కగా తయారుచేసుకున్న ప్రసంగం మొదలుపెట్టగానే చెయ్యి ఎత్తేది.

"ఇంజనీర్, ఒక్క నిమిషం. వెనక నిలబడ్డ ఆయన షిఫ్టుకి వెళ్ళాలి. ముందు ఆయన చెప్తారు. మీకైతే జీతం నడుస్తూనే ఉంటుంది కదా."

హాలంతా నవ్వేది. నేను పటం పక్కన బొమ్మలా నిలబడేవాణ్ణి. ఇంటికి వచ్చి మా ఆవిడతో అనేవాణ్ణి: "రొట్టెలమ్ముకునే ఆవిడ నాకు మీటింగు నేర్పుతోంది." మా ఆవిడ డ్యూటీ దిగి వస్తూ ఆ దుకాణంలోనే రొట్టెలు కొనేది. "పోనీ నేర్చుకోండి. ఫీజు కూడా లేదు" అనేది.

ఎనభైలు మొదలవుతుండగా ఊరికి ఉత్తరాన పెద్ద షాపింగ్ సెంటర్ ఒకటి రాబోతోందని తెలిసింది. దాని పక్కగా పట్టాల కింద నుంచి కొత్త రోడ్డు వేసి, ఈ పాత రైలు గేటుని కంచె కట్టి శాశ్వతంగా మూసేయాలని ప్రణాళిక. దానికి డ్రాయింగులు నావి. కారున్నవాడికి అది చిన్న చుట్టుతోవ. తూర్పు వైపు చాలామందికి కార్లు లేవని నాకు తెలుసు. తెలిసిన విషయమే, దాన్ని నేను డ్రాయింగులో పెట్టలేదు, అంతే.

లెక్క ప్రకారం సభలో ఇద్దరు ప్రణాళికకి అనుకూలం. ఒక యువ స్కూలు టీచరు, మా రొట్టెల ఆవిడ వ్యతిరేకం. అయిదో సభ్యుడు ఒక ముసలి రైతు. అనుకూలమే అనేవాడు గానీ, ఆవిడ పక్క కుర్చీలో కూర్చుని నాలుగు ప్రశ్నలు వేసిందంటే ఆయన మనసు మారిపోతుందని అందరికీ తెలుసు.

మా నగరంలో ఒక నిబంధన ఉండేది. సభ్యుల సొంత ఆస్తి గానీ వ్యాపారం గానీ ఒక ప్రాజెక్టు హద్దు గీత లోపల ఉంటే, వాళ్ళు ఆ విషయం మీద ఓటు వేయకూడదు, చర్చలో మాట్లాడకూడదు, గది విడిచి వెళ్ళాలి. మంచి నిబంధనే. నా మొదటి డ్రాయింగులో హద్దు గీత పట్టాల అంచు దాకా వచ్చి ఆగింది. ఆవిడ దుకాణం గీతకి బయట ఉంది.

ఒక మధ్యాహ్నం సిటీ మేనేజరు, అంటే మా ఉద్యోగులందరికీ పై అధికారి, నా బల్ల దగ్గరికి వచ్చాడు. పటం మీద ఆ మూలన వేలు పెట్టాడు.

"ఇక్కడ డ్రైనేజీ ఎలా ఉంటుంది?"

"బాగానే ఉంది సర్."

"ఏమో. పని మొదలయ్యాక తవ్వాల్సి రావచ్చు. ఈ మూల కూడా లోపలికి వస్తే సేఫ్ కదా?"

వేలు తీసేసి, నా పిల్లల చదువు గురించి అడిగి వెళ్ళిపోయాడు. ఆయన ఆజ్ఞ ఇవ్వలేదు, నేను ఎందుకని అడగలేదు. ఆ సాయంత్రమే గీత పట్టాల దగ్గర పక్కకి తిరిగి, దుకాణం చుట్టూ వెళ్ళి, మళ్ళీ తన దారికి వచ్చింది. చూడటానికి వంచిన మోకాలులా ఉంది.

ఉద్యోగం పోతుందని భయపడి చేశానని చెప్పుకుంటే కొంత గౌరవంగా ఉండేది. నిజం అది కాదు. అంత పెద్దవాడు నాతో సగం సగం మాటల్లో మాట్లాడాడు, మిగతా సగం నాకు అర్థమవుతుందని నమ్మాడు, నన్ను తనవాళ్ళలో కలుపుకున్నాడు. ఆ పొంగులో గీశాను. ఆవిడకి ఆ గేటుతో నిజంగానే లాభం ఉంది కాబట్టి ఇందులో అన్యాయమేమీ లేదని కూడా నచ్చజెప్పుకున్నాను. అటు ఉత్తరాన, అనుకూలంగా ఓటు వేయబోయే ఒక సభ్యుడి బావమరిదికి పొలం ఉంది. అటువైపు నా గీత మోకాలు వంచలేదు.

దుకాణం గీత లోపల పడింది కాబట్టి ఆవిడ ఓటు వేయకూడదని నగర లాయరు చెప్పినప్పుడు, ఆవిడ పటాన్ని దగ్గరికి వచ్చి చూసింది.

"గీత ఎవరు గీశారు?"

"ఇంజనీరింగ్ వాళ్ళు" అన్నాడు లాయరు.

ఆవిడ నావైపు చూసింది. నేను పెన్సిల్ చెక్కుకుంటున్నాను.

"సరే" అంది. "నేను వెళ్ళిపోతాను. ఒక్కటి అడగొచ్చా? సమావేశం మధ్యాహ్నం కాకుండా షిఫ్టు దిగాక, సాయంత్రం పెట్టండి."

మేనేజరు ఉదారంగా ఒప్పుకున్నాడు. ఆవిడ బయటికి వెళ్ళాక నాతో అన్నాడు: "ఏ టైముకి పెడితే ఏముంది? వాళ్ళు రారు. ఎప్పుడు వచ్చారు గనక?"

ఆ తర్వాత వారంలో ఒకరోజు రొట్టెల కోసం వెళ్ళాను. దుకాణం షట్టరు సగం దించి ఉంది. వంగి చూస్తే లోపల పిండి బస్తాల మీద, తిరగేసిన బుట్టల మీద జనం. ఒక పెద్దాయన బల్ల ముందు నిలబడి స్పానిష్‌లో ఏదో గట్టిగా చెబుతున్నాడు. పొయ్యి దగ్గర పెట్టే టైమరు టింగుమని మోగింది. ఆయన మాట మధ్యలో ఆగిపోయాడు. అందరూ చప్పట్లు. "రొట్టె మాడిపోయింది! మళ్ళీ మొదటి నుంచి!" అని ఎవరో ఆడవాళ్ళు ఏడిపించారు. మా సభలో పౌరులు మాట్లాడటానికి ఒక్కొక్కరికి మూడు నిమిషాలే ఇస్తారు. ఆ మూడు నిమిషాలు ఎలా వాడుకోవాలో ఆవిడ అక్కడ సాధన చేయిస్తోంది. అప్పుడు నాకది తట్టలేదు. చర్చి నాటకం కాబోలనుకుని ఇంటికి వచ్చేశాను.

సమావేశం రోజు రానే వచ్చింది. టమాటా సీజను మంచి ఊపులో ఉంది. షిఫ్టు దిగిన జనం స్నానం కూడా చేయకుండా వచ్చారు. హాలంతా ఉడికిన టమాటా వాసన. కుర్చీలు చాలక గోడల వెంట నిలబడ్డారు. విషయం పిలవగానే ఆవిడ లేచి, "నియమం ప్రకారం నేను బయటికి వెళ్తున్నాను" అని చెప్పి, మెట్లు దిగి, జనం మధ్యలోంచి నడిచి వెళ్ళిపోయింది. తలుపు మూసుకుంది. మేనేజరు నావైపు చూసి కనుబొమ్మ ఎగరేశాడు. పని అయిపోయిందని నేనూ అనుకున్నాను.

అప్పుడు ఒక్కొక్కరూ మైకు దగ్గరికి రావడం మొదలుపెట్టారు. కొందరు ఇంగ్లీషులో, కొందరు స్పానిష్‌లో. ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేసే అమ్మాయి ఒకతె ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది. దుకాణంలో నేను చూసిన పెద్దాయన వచ్చాడు.

"గేటు దగ్గర ఆగడం మాకు అలవాటే సార్లూ. ఎంతసేపైనా ఆగుతాం. ఆగితే రైలు వెళ్ళిపోతుంది. మీరు కట్టే కంచె వెళ్ళదు."

ఒక యువతి, తలకి ఫ్యాక్టరీ గుడ్డ ఇంకా విప్పలేదు, తన పిల్లలు స్కూలుకి నడిచే దారి చెప్పింది. ఇంకొకతను తొందరగా ముగించి, "నాకు అర నిమిషం మిగిలింది. మా బావకి ఇస్తున్నా, వాడికి నత్తి" అన్నాడు. సభ్యులు కూడా నవ్వారు. ఎవరూ అరవలేదు, ఎవరూ మూడు నిమిషాలు దాటలేదు. ముసలి రైతు కుర్చీలో ముందుకి జరిగి వింటున్నాడు.

ఉన్నట్టుండి ఆయన గోడ మీది పటం చూపించాడు. "బాబూ, ఈ గీత ఇక్కడ ఇలా వంగిందేం?"

హాలంతా నావైపు తిరిగింది.

"డ్రైనేజీ కోసం సర్" అన్నాను.

ఆయన "ఊఁ" అన్నాడు. చాలాసేపు గీతనే చూశాడు.

ఇంకో పటం తేవాలన్న వంకతో నేను బయటపడ్డాను. నడవాలో బెంచీ మీద ఆవిడ కూర్చుని ఉంది. భుజాన ఒక పసిబిడ్డ. ఒళ్ళో తలపెట్టుకుని ఒక పిల్ల, పక్కన ఆనుకుని ఇంకో పిల్లవాడు, ఇద్దరూ నిద్రలో. లోపల మైకు ముందున్న తల్లుల పిల్లలు వాళ్ళు.

"బాగా మాట్లాడుతున్నారు మేడమ్" అన్నాను, ఏమనాలో తోచక.

"ష్! చెప్పకండి. నేను వినకూడదు. రూలు రూలే."

ఆవిడ బిడ్డ వీపు నిమురుతూ అంది: "మీ గీతకి థాంక్స్ చెప్పాలి ఇంజనీర్. నేను లోపలుంటే వీళ్ళని ఎవరు ఎత్తుకునేవాళ్ళు?"

ఎగతాళి ఉంది అందులో. కానీ మొహంలో కోపం కోసం వెతికితే కనబడలేదు. తన దుకాణం, తన వాళ్ళ దారి రెండూ తలుపు అవతల తేలుతున్నాయి. ఆవిడ మాత్రం పక్కింటి బిడ్డ తేన్చేదాకా వీపు తడుతోంది.

ఓట్లు రెండు రెండుగా చీలాయి. ముసలి రైతు వ్యతిరేకంగా వేశాడు. మెజారిటీ రాలేదు కాబట్టి ప్రణాళిక వీగిపోయింది. ఆవిడ ఓటుని తీసేయడానికి నేను గీత వంచాను. ఆ ఓటుతో అవసరమే లేకుండా ఆవిడ ముందే ఏర్పాటు చేసి పెట్టింది.

మేనేజరు తర్వాత వేరే ఊరికి వెళ్ళిపోయాడు. ఎనభైల మధ్యలో ఆవిడ మేయరైంది. మా ఇంట్లో అప్పటినుంచి ఆవిడ పేరు మేయరమ్మ. మొదటి వారమే నన్ను పిలిచింది. బల్ల మీద వస్తువులు ముందే సర్దుకుని వెళ్ళాను.

"మీ డ్రాయింగులు బాగుంటాయి. ఆ గేటు దగ్గరే, పట్టాల కింద నుంచి, నడిచేవాళ్ళకి కూడా దారి ఉండేటట్టు ఒకటి గీయండి."

ఉద్యోగం ఉందని అర్థమయ్యేసరికి నోరు జారింది. "మేడమ్, ఆ రోజు ఆ గీత... నన్ను క్షమించండి."

"నన్నెందుకు అడుగుతారు? ఆ రోజు కూడా నా రొట్టెలన్నీ అమ్ముడుపోయాయి. డ్రైనేజీ అని మీరు ఎవరితో చెప్పారు?"

"హాల్లో వాళ్ళతో."

"మరి వాళ్ళకి చెప్పండి. మైకు అక్కడే ఉంది. మూడు నిమిషాలు."

"ఎప్పుడు?"

"తొందరేముంది. అన్నట్టు, ఇకనుంచి సమావేశాల్లో ముందు జనం మాట్లాడతారు. వాళ్ళు అయ్యేదాకా మీకు లోపల పనిలేదు. నడవాలో పిల్లలుంటారు, కాస్త చూడండి."

శిక్ష అనుకున్నాను. డిగ్రీలున్నవాణ్ణి, బెంచీ మీద పిల్లల్ని ఆడించడమా! మా ఆవిడ పడీపడీ నవ్వింది. "మన పిల్లలిద్దరికీ కలిపి ఒక్క డైపరైనా మార్చారా మీరు? ఇప్పుడు ఊరంతటికీ మారుస్తున్నారు. దేవుడు గొప్పవాడండీ!"

కానీ ఆ బెంచీ మీద నాకు ఒకటి అలవాటైంది. తల్లులు పిల్లల్ని అప్పగించేటప్పుడు, తీసుకునేటప్పుడు, లోపల చెప్పిందీ చెప్పలేకపోయిందీ నాతో అనేవాళ్ళు. నేను లోపలికి వెళ్ళి మాట్లాడే సమయానికి నా ప్రసంగంలో సగం వాళ్ళదై ఉండేది. సగానికి పైగా తగ్గేది కూడా.

మేయరమ్మ చేసినవన్నీ ఒప్పులు కావు. ఎండాకాలంలో మెయిన్ స్ట్రీట్ మూసి సాయంత్రం సంత పెట్టించింది. వద్దని దుకాణదారులు మొత్తుకున్నా వినలేదు. ఎండకి ఎవరూ రాలేదు, దుకాణాలు దెబ్బతిన్నాయి. ఒక సమావేశంలో ఆవిడ మేయరు కుర్చీ దిగి, పౌరుల మైకు దగ్గరికి నడిచి వచ్చి నిలబడింది. "సంత నా మొండితనం. తప్పు నాది. సోమవారం నుంచి వీధి తెరుస్తాం" అని చెప్పి వెళ్ళి కూర్చుంది. టైమరు తిప్పిన గుమాస్తా చెయ్యి ఇంకా దాని మీదే ఉంది.

చర్చిలో మేం పాపం ఒప్పుకునేది అందరం కలిసి ఒకే గొంతుతో. ఆ గొంతులో నా గొంతు ఏదో నాకే వినబడదు. ఆ సౌకర్యానికి నేను చిన్నప్పటి నుంచీ అలవాటు పడ్డాను. ఒంటరిగా మైకు ముందు ఎలా నిలబడాలో ఆ రోజు నడవా తలుపు సందులోంచి చూశాను. చూసి కూడా ఇంకా చాలా సమావేశాలు పోనిచ్చాను. ఆవిడ ఒక్కసారి కూడా గుర్తుచేయలేదు. గుర్తుచేస్తే బాగుండు, కోపం తెచ్చుకోవచ్చు అనిపించేది.

ఆవిడ మళ్ళీ పోటీ చేయనని చెప్పింది. మేయరుగా ఆఖరి సమావేశం. పూలదండలు, ఫోటోలు, కళ్ళనీళ్ళు. నడవాలో నా భుజాన ఒక బిడ్డ ఉంది. తలుపు తోసుకుని, బిడ్డతోనే లోపలికి వెళ్ళి మాట్లాడేవాళ్ళ వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది.

"చెప్పండి" అంది మేయరమ్మ కుర్చీలోంచి.

"రైలు గేటు పటం గురించి. హద్దు గీత గురించి."

ఒక్క క్షణం నన్ను చూసింది. తర్వాత పక్క సభ్యుడికి సభ నడిపే చెక్క సుత్తి అందించింది. "ఇందులో నా దుకాణం ప్రస్తావన వస్తుంది. నియమం ప్రకారం నేను బయటికి వెళ్తున్నాను." ఇలాంటి మాటకి ఆ నియమం వర్తించదని లాయరు లేవబోయాడు. ఆవిడ అప్పటికే మెట్లు దిగింది. నా దగ్గరికి వచ్చి, నా భుజం మీది బిడ్డని తీసుకుని, తలుపు తీసుకుని నడవాలోకి వెళ్ళిపోయింది.

చేతులు ఖాళీ అయ్యాయి. పట్టుకోవడానికి పటం లేదు, బిడ్డ లేదు. ఎదురుగా జనం. గోడ దగ్గర ఆ పెద్దాయన కర్ర ఆనించుకుని ఉన్నాడు. తలగుడ్డ యువతి ఇప్పుడు స్కూలు బోర్డు సభ్యురాలు, ముందు వరసలో కూర్చుంది. అక్కడ డ్రైనేజీ లేదని, మీ మనిషిని బయటికి పంపడానికే ఆ గీత గీశానని, సభలో అడిగినప్పుడు మీ అందరి ముందూ అబద్ధం చెప్పానని చెప్పాను. అంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, తిట్టలేదు. పెద్దాయన తల ఊపాడు. నా వెనక నిలబడ్డ మనిషి తన వీధిలో చెత్తబండి గురించి చెప్పడానికి ముందుకి వచ్చాడు.

నడవాలోకి వచ్చాను. ఆవిడ అదే బెంచీ మీద, అదే చోట కూర్చుని ఉంది.

"అయిందా?"

"అయింది మేడమ్."

"ఏం చెప్పారో చెప్పకండి" అని లేచి, బిడ్డని నా చేతుల్లో పెట్టింది. "టైము మిగిలిందా?"

"చాలా మిగిలింది."

"అయితే మార్చండి. తడిపింది."

తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. చెత్తబండి మనిషితో, "క్షమించండి, మొదటి నుంచి చెప్పండి" అనడం నాకు వినబడింది.